అక్క గిన్నె దాటించిన వేసవి

మా ఇంట్లో అందరం దగ్గేవాళ్లం. దగ్గనివాళ్లు ఎవరైనా కనిపిస్తే వాళ్లు చుట్టాలన్నమాట. నాన్నది పాత్రలకు కళాయి వేసే పని. వీధి వైపు గది దుకాణం, దాని వెనక వంటిల్లు, వంటింటి వెనక అక్కా నేనూ పడుకునే గది. బొగ్గుల మీద కాలిన పాత్రలో నాన్న నవాసాగరం పొడి చల్లగానే తెల్లటి పొగ గుప్పుమని లేచేది. ముందు అక్క మొహానికి కొట్టి, తర్వాత అమ్మను పలకరించి, చివరికి నా దగ్గరికి వచ్చేది. అక్క బొగ్గులకి గాలి కొట్టే తిత్తి ఊదేది. నేను ఇసుకా బూడిదా పెట్టి పాత్రలు తోమేదాన్ని. అందుకే ఆ ఎండాకాలం అక్క దగ్గు ఎంతకీ తగ్గకపోయినా ఎవరం పట్టించుకోలేదు. "పొగే" అంది అమ్మ. పొగే అనుకున్నాం.

అప్పుడు నాకు పదహారు, అక్కకి ఇరవై రెండు. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఆ మూడు నెలల సంగతి తెలిసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను, కాబట్టి చెప్పక తప్పదు. సగం చెప్పి సగం మింగడం మా ఇంట్లో ఒకసారి జరిగింది, అది చాలు.

ముందు మా సంఘం గురించి చెప్పాలి. నలభై ఇళ్లు కూడా లేని క్రైస్తవ సంఘం మాది. ఆరాధన జరిగేది ఒక పాత గుర్రపుశాలలో. గోడలకు గుర్రాలను కట్టేసే ఇనప కడియాలు అలాగే ఉండేవి, వానొస్తే మగవాళ్లు గొడుగులు వాటికే తగిలించేవాళ్లు. అంతకు యాభై ఏళ్ల క్రితం మొదటి పాస్టరు అయ్యగారు అక్కడ ముప్పై మందిని పోగుచేశారట. ప్రసంగం అందరూ బుద్ధిగా విన్నారు. తీరా రొట్టె తిని ద్రాక్షరసం తాగే ప్రభు బల్ల దగ్గరికి వచ్చేసరికి ఉన్నది ఒక్కటే గిన్నె, రెండు చెవుల ఇత్తడి గిన్నె. అది మా తాత తెచ్చింది. ఆ రోజుల్లో తోళ్లు నానబెట్టి ఊనేవాడు తాగిన దాంట్లో గుమాస్తా నోరు పెట్టడు, గుమాస్తా తాగిన దాంట్లో పొలమున్నవాడు పెట్టడు. అయ్యగారు గిన్నె పైకెత్తి, "ఇందులో తాగేవాళ్లు ఉండండి, తాగనివాళ్లు వెళ్లండి" అన్నారు. ఇరవై ముగ్గురు లేచి వెళ్లిపోయారు. మిగిలింది ఏడుగురు. సమాధులు తవ్వేవాడు, మంత్రసాని, తోళ్లు ఊనేవాడు, ఒక గుమాస్తా, బట్టలుతికే అక్కచెల్లెళ్లిద్దరు, మా తాత. అదీ మా చరిత్ర. ఆ తర్వాత యాభై ఏళ్లూ గుర్రపుశాల కప్పు బాగుచేయించుకోవడంతోనే సరిపోయింది.

ఆ ఏడుగురూ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఆదివారం ఆదివారం గిన్నె ప్రతి నోటికీ తగలాలి. తాగకుండా పక్కవాళ్లకి దాటించారంటే మనసులో మరక ఉందని లెక్క. వరసగా మూడు వారాలు దాటిస్తే సంఘపెద్ద లేచి అందరి ముందూ అడుగుతాడు. ఉందని ఒప్పుకుంటే వెనక బల్ల మీద కూర్చోవాలి. ఆ మరక ఏమిటో బయటపెట్టి క్షమాపణ అడిగేదాకా వాళ్లింటితో పెళ్లి మాటలుండవు. నాకు తెలిసి పదేళ్లలో ఇద్దరినే అడిగారు. ఒకాయన తూకంలో మోసం చేశాడు, ఒకావిడ తోడికోడలి జుట్టు పట్టుకుంది. అడిగింది సంఘపెద్ద. సంఘపెద్ద మా నాన్న.

ఆ వేసవి ఆఖరున సంఘానికి యాభై ఏళ్లు నిండుతాయి. ఆ రోజు చదవడానికి చరిత్ర రాసే పని కూడా నాన్న నెత్తినే పెట్టారు. నాన్న చెవిలో పెన్సిలు పెట్టుకుని, పాత్రకీ పాత్రకీ మధ్య రెండు వాక్యాలు రాసి, అక్కకి చదివి వినిపించేవాడు.

"ఇది వింటే ఆ ఏడుగురు కూడా లేచి వెళ్లిపోతారు నాన్నా" అనేది అక్క.

"నువ్వు తిత్తి ఊదు, నా రాతని ఊదెయ్యకు" అనేవాడు నాన్న. ముగ్గురం నవ్వేవాళ్లం. నవ్వితే అక్కకి దగ్గొచ్చేది.

ఒకరోజు కళాయి తుడిచే దూది ఉండలు ఏరుతుంటే ఒకటి ఎర్రగా కనిపించింది. తగరం అంటిన దూది మెరుస్తుంది, మసి అంటితే నల్లగా ఉంటుంది, ఎరుపెక్కడిది? అక్క మొహం చూశాను.

"చిగుళ్లే" అంది అక్క. "అమ్మకి చెప్పావంటే వీపు చీరేస్తా."

అలా అన్న మనిషే మర్నాడు నన్ను తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది. డాక్టరు వీపు మీద వేళ్లతో తట్టి చూశాడు, ఎక్స్‌రే ఫొటో తీయించాడు, ఎన్నాళ్లనుంచని అడిగాడు. "చలికాలం నుంచి" అంది అక్క. పక్కపక్కన పడుకుంటున్నాం, నాకే తెలియదు.

క్షయ అన్నాడు. రెండు ఊపిరితిత్తులూ పట్టేసిందన్నాడు. మందులున్నాయి గానీ చాలా ముందే రావలసింది, పెద్దాసుపత్రికి పేరు రాస్తాను, మంచం ఖాళీ అవడానికి రెండు మూడు నెలలు పడుతుంది అన్నాడు. "కంచం వేరు, గ్లాసు వేరు, పడక వేరు. ఈమె ఎంగిలి ఎవరూ తాగకూడదు. ఇంట్లోవాళ్లందరూ వచ్చి పరీక్ష చేయించుకోవాలి."

"అందరూ ఒకే గిన్నెలో తాగితే?" అని అడిగింది అక్క.

"ఎవరమ్మా అలా తాగేది?" అన్నాడు డాక్టరు, మందుల చీటీ రాస్తూ. అక్క చీటీ అందుకుని లేచింది.

ఇంటికొచ్చి చెప్పేసరికి నాన్న పట్టకారుతో పెద్ద కాగు పట్టుకుని ఉన్నాడు. దించడం మర్చిపోయాడు. కాగులో తగరం మాడిపోయి వాసన కొట్టింది. అమ్మ పొయ్యి ముందు కూలబడి, తర్వాత తనే లేచి కళ్లు తుడుచుకుంది. మా అమ్మ ఏడుపు ఎప్పుడూ అంతే, పని ఆగదు.

"ఆదివారం లేచి చెప్పెయ్యండి" అంది నాన్నతో. "అందర్నీ పరీక్ష చేయించుకోమనండి."

నాన్న కాగు దించి కింద పెట్టాడు. తర్వాత, "పరీక్షలకి డాక్టరుని ఏదో వంకన రప్పిస్తాను. పేరు మాత్రం ఇప్పుడొద్దు" అన్నాడు.

"ఎందుకొద్దు?"

"చెబితే ఆ గిన్నె మళ్లీ ఎవరూ ముట్టరు."

"ముట్టకపోతే పోనివ్వండి. ఇది కాకపోతే ఇంకో గిన్నె! ఇంటినిండా గిన్నెలే కదా!"

"అది గిన్నె కాదే. అది లేకపోతే మనమంతా మళ్లీ ఎవరింటివాళ్లం వాళ్లమే. యాభై ఏళ్లకి నా చేతుల్లోనా పోవాలి?" నాన్న చెడ్డవాడు కాదు. అది మాత్రం నేను ఎక్కడైనా చెబుతాను.

గొడవ తీర్చింది అక్క. "రెండు నెలలేగా అమ్మా. యాభయ్యో ఏటి ఆరాధన అయ్యాక చెబుదురుగాని. అప్పటిదాకా నేను తాగను, పక్కవాళ్లకి దాటించేస్తాను. ఎవరికీ అంటదు, గిన్నే ఉంటుంది."

"జనం ఏమనుకుంటారో తెలుసా నీకు?"

"అనుకుంటే అనుకోనీ. అనుకుంటే జబ్బు రాదుగా" అని నవ్వింది.

నాన్న అన్నమాట ప్రకారం వేసవిలో పిల్లలకి దగ్గులని చెప్పి డాక్టరుని గుర్రపుశాలకే రప్పించాడు. అందరికీ పరీక్షలు చేశారు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ లేదు, మాకు కూడా. నాన్న ఆ రోజు ఒంటరిగా వెళ్లి వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఇక చెప్పనక్కర్లేదని మనసుకి సర్దిచెప్పుకున్నాడేమో.

నేను నా పడక వంటింట్లోకి మార్చుకున్నాను. డాక్టరు చెప్పాడు కాబట్టి మార్చుకున్నానని అనేదాన్ని. నిజానికి భయంతో మార్చుకున్నాను.

మొదటి ఆదివారం మా బల్ల మీద వరసగా అమ్మ, నేను, అక్క, అక్కకి అవతల గంటమ్మ. గంటమ్మ అంటే ఆరాధనకి గంట కొట్టే ముసలావిడ. ఆవిడకి చెవుడు ఉండేది గానీ కళ్లు మాత్రం డేగ కళ్లు. గిన్నె నా చేతిలోంచి అక్క చేతిలోకి వెళ్లింది. అక్క రెండు చెవులూ పట్టుకుని, తల వంచి, పెదవులకి ఆనించకుండానే గంటమ్మ చేతుల్లో పెట్టేసింది. గంటమ్మ గిన్నె వంక చూసింది, అక్క మొహం వంక చూసింది, ఆ తర్వాత అక్క కడుపు వంక చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

కుండ మూతికి మూకుడు పెట్టగలం గానీ ఊరి మూతికి పెట్టలేం. రెండో ఆదివారం వచ్చేసరికి అక్కకి ఎన్నో నెలో కూడా తేల్చేశారు.

అక్కని చేసుకోబోయేది తాళాలు బాగుచేసే అతను. మా సంఘమే. మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు. బావా అని పిలవడం నేను అప్పటికే మొదలుపెట్టాను. అతను ఒకరోజు కళాయి చెక్కుచెదరని గిన్నె ఒకటి పట్టుకుని దుకాణానికి వచ్చాడు. నాన్న లేడు. అక్క వెనక గదిలో ఉంది.

"చిన్నదానా, మీ అక్కకి ఏమైంది?" అన్నాడు.

"అక్కనే అడుగు బావా."

"అడిగాను. ఏం లేదంది. ఏం లేకపోతే గిన్నె ఎందుకు దాటించింది? నాతో చెప్పకూడనిదా? ఏదైనా ఫరవాలేదు, చెబితే చాలు."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పి ఉంటే ఆ మనిషి కడుపులో పెట్టుకునేవాడని ఇప్పుడు నాకు రూఢిగా తెలుసు. అప్పుడు మాత్రం నాన్న కళ్లముందు కనిపించాడు. "నాకేం తెలుసు బావా" అన్నాను. అతను తెచ్చిన గిన్నె తీసుకుని వెళ్లిపోయాడు.

మూడో ఆదివారం కూడా అక్క దాటించింది. అందరూ నాన్న వైపు చూశారు. కూతురని ఊరుకుంటాడా, అడుగుతాడా? నాన్న లేచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందు బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ వేళ్ల మీద పాత కాలిన మచ్చలు నాకు బాగా కనిపించాయి.

"అమ్మాయ్" అన్నాడు. మిగతావాళ్లని పేరు పెట్టి అడిగేవాడు. "నీ మనసులో మరక ఉందా?"

లేదంటుందనుకున్నాను. లేదంటే ఎందుకు దాటించావని అడగాలి, అప్పుడు నిజం బయటికి రావాలి. అక్కకి అది నాకన్నా ముందే తెలుసు. లేచి నిలబడి, దగ్గు ఆపుకుని, "ఉంది నాన్నా" అంది.

ఏమిటది అని అడగడం సంఘపెద్ద పని. నాన్న అడగలేదు. అక్క పాటల పుస్తకం తీసుకుని, నడవలోంచి వెళ్లి, వెనక బల్ల మీద కూర్చుంది. అయ్యగారు తర్వాతి పాట మొదలుపెట్టారు. అమ్మ పాడలేదు.

ఆ రోజు నుంచి అమ్మ నాన్నతో మాట్లాడటం మానేసింది. కంచం ఠప్పున పెట్టేది, చెంబు ఠప్పున పెట్టేది. "ఉప్పు" అని నాన్న అంటే నాతో "ఉప్పట" అనేది. బుధవారం తాళాలాయన తల్లి మనిషితో కబురు పంపింది, ఈ సంబంధం మాకొద్దని. తాళాలాయన తనంతట తాను రాలేదు. అక్క ఆ కబురు విని, "పోనీలే, ఆయన మొదటి నుంచీ నేను సన్నగా ఉన్నానంటూనే ఉన్నాడు" అంది. ఆ మాట విని అమ్మ వెనక వాకిట్లోకి వెళ్లిపోయింది.

వారం వారం అక్క కరిగిపోయింది. తిత్తి నాన్నే ఊదుకునేవాడు, ఒక్క చేత్తో పని కుదరక కళాయి చారలు చారలుగా వచ్చేది. చరిత్ర ఏడుగురి దగ్గరే ఆగిపోయింది. ఇక అక్క ఆరాధనకి నడవలేని స్థితికి వచ్చింది. రాకపోతే దాని అర్థం కూడా జనం చెప్పుకున్నారు.

ఒక మధ్యాహ్నం నాన్న అక్క గది గుమ్మం మీద కూర్చున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను, మాటలు వినిపించాయి.

"ఈ ఆదివారమే చెప్పేస్తానే. ఇక నా వల్ల కాదు."

"ఇంకా రెండు వారాలే కదా నాన్నా. ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ నేను పడ్డది దండగ."

"నన్ను తిట్టవే ఒకసారి."

"ఊపిరుంటే తిడుదును" అంది అక్క. నాన్న తల గుమ్మానికి ఆనించుకుని ఏడ్చాడు. నాన్న ఏడవడం నేను వినడం అదే మొదలు.

యాభయ్యో ఏటి ఆరాధనకి గుర్రపుశాలకి సున్నం వేశారు, ఇనప కడియాలకి కూడా రంగు వేశారు. ముందురోజు నాన్న గిన్నెకి కొత్తగా కళాయి వేశాడు. ఆ ఒక్కసారే బాగా వేశాడు, అద్దంలా వచ్చింది. పొద్దున్న బయల్దేరేముందు అక్క కిటికీ దగ్గర కూర్చుని ఉంది. "చరిత్ర బాగా చదువు, తడబడకు" అంది నాన్నతో.

నాన్న లేచి చదివాడు. ముప్పై మంది రావడం, ఇరవై ముగ్గురు వెళ్లడం, ఏడుగురు తాగడం. అక్కడిదాకా చదివి కాగితం మడిచేశాడు. "ఇంతవరకే రాశాను" అన్నాడు. అయ్యగారు కాస్త గాభరాపడి రొట్టె పంచి, గిన్నె ఎత్తి ప్రార్థన చేసి నాన్న చేతికిచ్చారు. మొదట తాగేది సంఘపెద్ద. నాన్న గిన్నె పట్టుకున్నాడు, లోపలికి చూశాడు, తాగకుండా అయ్యగారి చేతుల్లో పెట్టేశాడు.

సంఘపెద్ద గిన్నె దాటిస్తే ఎవరు అడగాలో ఆ ఏడుగురూ చెప్పి పోలేదు. అయ్యగారు నోరు తెరిచి నిలబడ్డారు. నాన్నే మా వైపు తిరిగాడు.

"మరక ఉంది" అన్నాడు. "మా పెద్దమ్మాయికి క్షయ. మీ నోళ్లకి అంటకూడదని గిన్నె దాటించింది. వేరే పాపమేమీ లేదు. ఈ గిన్నె నిలవాలని నేను మీకు చెప్పలేదు. ఆ రోజు ఇక్కడ నిలబడి, అన్నీ తెలిసే అడిగాను. నా కోసం ఉందని చెప్పింది. వెనక బల్ల మీద కూర్చోవలసింది నేను."

వెళ్లి కూర్చున్నాడు. ఎవరో చేతిగుడ్డతో నోరు తుడుచుకున్నారు. పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. తాళాలాయన మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. గంటమ్మకి వినపడక, "ఏమంటున్నాడు, ఏమంటున్నాడు?" అని పక్కావిడని పొడుస్తోంది.

అయ్యగారు మంచి మనిషి. ఆ అమ్మాయి తొమ్మిది వారాలుగా గిన్నెలో నోరు పెట్టలేదు, మనందరికీ పరీక్షలయ్యాయి, గిన్నె నిన్ననే నిప్పుల మీద కాలి వచ్చింది, భయమక్కర్లేదు అని చెప్పారు. తను తాగి, మొదటి బల్లకి ఇచ్చారు. మొదటి బల్లలో మొదటాయన పక్కాయనకి దాటించాడు. ఆయన పక్కావిడకి దాటించాడు. గుమాస్తా మనవడు దాటించాడు, మంత్రసాని కూతురు దాటించింది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. తాళాలాయన చేతికి వచ్చింది, అతనూ దాటించాడు. గంటమ్మకి అప్పటికి ఎవరో చెవిలో అరిచి చెప్పినట్టున్నారు. ఏడుస్తూ దాటించింది.

ఆ రోజు గిన్నె మా బల్లకి అవతలి కొస నుంచి వచ్చింది, గంటమ్మ తర్వాత నా చేతికి. నిండుగా ఉంది, బరువుగా ఉంది. లోపల కొత్త కళాయి మెరుస్తోంది. ఏమీ కాదని నాకు తెలుసు. డాక్టరు మాట విన్నదాన్ని, పరీక్షయినదాన్ని, పదహారేళ్లు అక్క కంచంలో తిన్నదాన్ని. అయినా ఆ ఎర్ర దూది కళ్లముందుకు వచ్చింది. అమ్మకి ఇచ్చేశాను.

అమ్మ నా వైపు చూడలేదు. లేచి నిలబడింది. రెండు చేతులతో గిన్నె ఎత్తి, దాహమేసిన మనిషి నీళ్లు తాగినట్టు గటగటా మొత్తం తాగేసింది. ఖాళీ గిన్నె బల్ల మీద బోర్లించి, వెనక్కి వెళ్లి నాన్న పక్కన కూర్చుంది. "పదండి, పిల్ల ఒక్కతే ఉంది" అంది. నెలన్నరలో నాన్నతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.

మర్నాటి నుంచే మనిషికొకటి చిన్న గాజు గ్లాసుల మాట మొదలైంది. నెల తిరక్కుండా అవే వచ్చాయి.

ఆ రోజు అందరికన్నా ముందు పరుగెత్తుకుంటూ ఇంటికి చేరింది నేను. అక్క కిటికీ దగ్గరే ఉంది. నా రొప్పు చూసి, "చెప్పేశాడా?" అంది.

"చెప్పేశాడక్కా. అందరూ ఏడ్చారు. బావ కూడా. నీ తప్పేమీ లేదని అందరికీ తెలిసిపోయింది."

అది కాదన్నట్టు చెయ్యి ఊపింది. అక్కకి కావలసింది ఒక్కటే. "ఆ తర్వాత గిన్నె తిరిగిందా? తాగారా?"

"తాగారు. చివరిదాకా ఖాళీ అయిపోయింది" అన్నాను.

కళ్లు మూసుకుంది. అంత హాయిగా అక్క మొహం ఆ వేసవంతా నేను చూడలేదు. కాసేపుండి కళ్లు తెరిచి, "నువ్వో?" అంది.

"నేనూ తాగానక్కా."

ఆసుపత్రిలో మంచం ఖాళీ అయిందని కబురొచ్చేసరికి అక్క పోయి మూడు రోజులైంది. ఆ ఆదివారం మాత్రం నేనన్న మాట నమ్మి, నా చెయ్యి పట్టుకోవాలని చెయ్యి చాపింది. అంతలో డాక్టరు చెప్పింది గుర్తొచ్చిందేమో, తనే వెనక్కి తీసుకుంది. నేనూ ముందుకెళ్లి పట్టుకోలేదు.